పెనిమిటి పేరు

శ్యామలమ్మ తన మొగుడి పేరు ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు. జనాభా లెక్కల పంతులు అడిగినా, మీసేవలో రేషన్ కార్డు కోసం అడిగినా, దవాఖానలో చీటీ రాసే పిల్ల విసుక్కుని అడిగినా, "మా దీప నాయిన" అనేది. "ఆయనకు పేరు లేదా అవ్వా?" అంటే కూతురు దీప వైపు చూసేది. కూతురు చెప్పాలి. ఇందులో పెద్ద భక్తి ఉందనుకుంటే పొరపాటు. ఆ మనిషి బతికున్నన్నాళ్లు ఆమె తిట్టిన తిట్లు రాస్తే ఒక పుస్తకమవుతుంది. తిట్టొచ్చు, పేరు మాత్రం తీయకూడదు. తీస్తే మగనికి ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పింది. ఇంత జాగ్రత్త పడ్డా ఆయన తొమ్మిదేళ్ల కింద కామెర్లతో పోనే పోయాడు. పోయాక కూడా ఈమె తీయలేదు. అలవాటు అలాంటిది.

ఆ పేరు రాజమౌళి. మనకేం, మనం అనొచ్చు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఎనుమాముల రోడ్డు పక్క కాలనీలో ఆమె ఇంటికి గోడ ఆనుకుని ఉండే చిలుకమ్మ, ఇరవై ఐదేళ్ల కింద కొడుకును కని తన మామ పేరు పెట్టుకుంది. ఆ మామ కూడా రాజమౌళే. పిల్లవాణ్ణి తొట్లెలో వేసిననాడు శ్యామలమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందే చిలుకా, నా పెనిమిటి పేరు తెచ్చి నీ కొడుక్కు పెడితివి. ఇగ వీణ్ణి నేనెట్ల పిలువాలె?"

"మా మామ పేరక్కా. పెట్టకుంటె మా అత్త నన్ను ఇంట్ల ఉండనిస్తదా?"

శ్యామలమ్మ తొట్లెలోకి వంగి చూసింది. "ఆ పేరుగలాయనా శివుడే, కొమురెల్లి మల్లన్నా శివుడే. నేను మల్లన్న అంట తియ్యి. ఏ పేరైతేంది, పలికితె సాలు."

పిల్లవాడు పలికాడు. తల్లికి రాజమౌళి, పెద్దవ్వ శ్యామలమ్మకు మల్లన్న. అదీ ఇంట్లోనే, రెండు గడపల మధ్యనే. నలుగురిలో అయితే "ఓ పిలగా" అనేది. వాడు పెరిగి పెద్దవాడై, మిర్చి గోదాంలో హమాలీగా చేరి, మొదటి నెల జీతంతో రెండు చీరలు తెచ్చాడు. రెండూ ఒకే రంగు, ఒకే అంచు. ఎందుకురా అంటే, "మీరిద్దరు కొట్లాడుకుంటె నేను నడుమ సస్త గదనే" అన్నాడు. ఆ మాటకు ఇద్దరు ఆడవాళ్లూ వాడి వీపు మీద చెరొకటి చరిచారు. చావు మాట నోట్లోంచి తీసినందుకు.

ఆ గోదాం ఉమాకాంత్‌ది. రంగు పోయిన తాలు మిర్చికి ఎర్ర నూనె పట్టించి మంచి కాయలో కలపడం అతని విద్య. శ్యామలమ్మ కూడా అక్కడే తొడిమెలు ఒలిచేది. చిలుకమ్మ మోకాళ్ల నొప్పులతో పని మానుకుంది. నిరుడు మార్చిలో రాజమౌళి ఆ రంగు బస్తాలు మోయనన్నాడు. తిన్నవాళ్ల కడుపులు కాలతాయన్నాడు. ఆఫీసర్లకు చెప్తానని కూడా అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత కాలనీలో అందరూ అన్నారు. మంచివాడు పోయాక జనానికి పుట్టే తెలివి ఎప్పుడూ అదే.

ఆ రోజు శ్యామలమ్మ పనిలో లేదు. నాలుగు రోజులు స్టేషన్ ఘన్‌పూర్‌లో దీప ఇంట్లో ఉండి, పుష్‌పుల్ రైలుబండి దిగి, రేపటి నుంచి వస్తానని చెప్పిపోదామని మధ్యాహ్నం గోదాం వెనక తలుపులోంచి లోపలికి వచ్చింది. అన్నాల వేళ. పని చేసే ఆడవాళ్లు పదకొండు మందీ బయట రేకుల కిందికి పోయారు. బస్తాల వరస వెనక గట్టిగా మాటలు వినబడితే తొంగి చూసింది. ఉమాకాంత్ చేతిలో ఇనుప రాడ్డు ఉంది. రాజమౌళి అతనికి వీపు చూపించి వెళ్లిపోతున్నాడు. ఒక్క దెబ్బ, తల వెనక. పిల్లవాడు కూలిపోయాక ఉమాకాంత్ పై వరస బస్తాలు లాగి వాడి మీద పడేశాడు.

మిర్చి గోదాంలో దగ్గు ఆపుకోవడం ఎంత కష్టమో ఆ ఘాటు పీల్చినవాళ్లకే తెలుసు. శ్యామలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వచ్చిన తలుపులోంచే బయటపడింది. కాళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయింది. అవి స్టేషన్‌కు తీసుకుపోయాయి. సాయంత్రానికి మళ్లీ ఘన్‌పూర్‌లో ఉంది. బండి తప్పిందని కూతురికి చెప్పింది. మర్నాడు, కబురు తెలిసి అప్పుడే వస్తున్నదానిలా వచ్చి, చిలుకమ్మను పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం నిజం.

బస్తాలు మీద పడి చచ్చాడని ఉమాకాంత్ చెప్పాడు. తల వెనక దెబ్బ వేరేగా ఉందని డాక్టరు రాశాడు కానీ, కొట్టిందెవరో డాక్టరు కాగితం చెప్పదు కదా. పోలీసులు పదకొండు మందినీ అడిగారు. వాళ్లు నిజంగానే చూడలేదు. చూసినామె ముద్ద మింగలేక మూడు రోజులు నీళ్లు తాగి బతికింది. నాలుగోనాడు బీపీ గోలీలకని చెప్పి దవాఖానకు పోయి, అక్కడికి మహితను పిలిపించుకుంది. మహిత అంటే ఈ కేసు చూస్తున్న ఎస్సై. దీప వయసు పిల్ల.

"నేను సూసిన బిడ్డా. చెప్పకుంటె నాకు అన్నం దిగుతలేదు. చెప్తె నన్ను బతకనియ్యరు. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు."

మహిత ఆమె చేయి పట్టుకుంది. "ఫికర్ చెయ్యకు అవ్వా. మనం కోర్టుకు అర్జీ పెట్టుకుందాం. నీ పేరు ఏడ రాయరు. నువ్వు మూడో సాక్షివి, గంతే. పరదా ఎనక కూసొని చెప్తవ్. నీ గొంతు గూడ మిషిన్ల మారి వస్తది. కానీ ఒక్క మాట. ఎవలికీ చెప్పొద్దు. నీ బిడ్డెకు సుత చెప్పొద్దు. పెదవి దాటితె పృథివి దాటుతది."

"చిలుకకు?"

"ఆమెకైతె అస్సలే చెప్పొద్దు."

పోలీసుపిల్లకు కూడా నాలుగు రోజుల్లోనే అర్థమైపోయింది. చిలుకమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. దీపకు నెల తప్పిందన్న సంగతి దీప మొగుడి కన్నా ముందు కాలనీ మొత్తానికి తెలిసింది ఆమె దయవల్లే. ఉన్నది ఉన్నట్టు అనేసి, అనేశాక అయ్యో అనుకునే మనిషి. అలాంటిదానికి ఇంత రహస్యం ఎలా ఇస్తారు?

అట్లా ఏడాది మూడు నెలలు గడిచింది. శ్యామలమ్మ వేరే గోదాంలో పనికి కుదిరింది. పొద్దున పోతూ చిలుకమ్మకు అన్నం పెట్టి పోయేది, సాయంత్రం వచ్చి తలకు నూనె రాసేది. అది రాయించుకుంటూ చిలుకమ్మ తన గోడు వెళ్లబోసుకునేది.

"పదకొండు మంది ఆడోళ్లు అక్కా గాడ. ఒక్కదానికి నోరు లేకపాయె. నువ్వు ఊళ్లె ఉంటె గిట్ల కాకపోవు. నువ్వే ఉంటె వాణ్ణి తప్పుకో అని ఒర్లకపోదువా? నీ గొంతుకు ఊరే ఉలిక్కిపడుతది."

శ్యామలమ్మ అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకునేది. ఆ మాట ఆమెకు ఎక్కడ తగులుతుందో చిలుకమ్మకు తెలియదు. ఉంది. ఒర్లలేదు. ఆ ఒక్క కేక వేసి ఉంటే పిల్లవాడు తల తిప్పేవాడేమో, పక్కకు జరిగేవాడేమో. ఈ లెక్క ఆమె రోజూ వేసుకుంటూనే ఉంది, అది తెగదు.

"మూడో సాక్షి అని ఒకరున్నరంటక్కా. వకీలు చెప్పిండు. ఏ తల్లి కన్నదో. ఎవలో తెలిస్తె ఈ తల కోసి వాళ్ల చేతుల పెడుదును."

"కోద్దువు గని, జర తల కదపకు," అనేది శ్యామలమ్మ.

జూన్‌లో వాంగ్మూలం రోజు వచ్చింది. నల్ల అద్దాల కారులో మహిత ఆమెను తెల్లవారకముందే తీసుకుపోయి, కోర్టు వెనక వైపు గదిలో కూర్చోబెట్టింది. చెప్పులు కూడా మార్పించింది. నడక చప్పుడును బట్టి పోల్చుకుంటారట. "నీ ఇంటాయన పేరు చెప్పకు, బిడ్డె పేరు చెప్పకు, ఊరు చెప్పకు. సచ్చిపోయినాయన్ను 'ఆ పిలగాడు' అను, సాలు" అని పదిసార్లు చెప్పించింది. శ్యామలమ్మ బడిపిల్లలా పదిసార్లూ అప్పజెప్పింది.

కోర్టు తలుపులు మూసేశారు. బయటివాళ్లు లేరు. పరదాకు అవతల జడ్జిగారు, వకీళ్లు, ఉమాకాంత్. చనిపోయినవాడి తల్లి కాబట్టి చిలుకమ్మను కూర్చోనిచ్చారు. పరదాకు ఇవతల శ్యామలమ్మ, మహిత, ఒక మైకు. ఆమె నోరు తెరిస్తే అవతల డబ్బాలోంచి బొంగురు మగగొంతు వస్తోంది. మొదటి మాటకు తన గొంతుకు తనే జడుసుకుంది. అవతల చిలుకమ్మ సన్నగా ఏడుస్తోంది. ఆ ఏడుపు శ్యామలమ్మకు ఎంత తెలిసిందంటే, ఎప్పుడు ఎగపీలుస్తుందో ముందే చెప్పగలదు.

సర్కారు వకీలు అడిగినవన్నీ చక్కగా చెప్పింది. రాడ్డు ఏ చేతిలో ఉంది, దెబ్బ ఎక్కడ పడింది, బస్తాలు ఎవరు లాగారు. అన్నిటికీ 'ఆ పిలగాడు' అనే అంది. చివర్న వకీలు, "మీరు అంతసేపు చూస్తూ ఏం చేశారు?" అని అడిగాడు. చాలా మామూలు ప్రశ్న. కానీ అది ఏడాది మూడు నెలలుగా ఆమెను తింటున్న ప్రశ్న.

"మల్లన్నా అని ఒర్లుదామనుకున్న సారూ. నోరు రాలే. నా నోరు పడిపోను, రాలే."

అవతల చిలుకమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

శ్యామలమ్మకు ఏం అన్నానో అప్పటికి తెలిసింది. ఈలోపు ఉమాకాంత్ తరఫు వకీలు రాంప్రసాద్ లేచి నిలబడ్డాడు. అనుభవం ఉన్నవాడు. తీగ దొరికితే డొంక కదిలించే రకం.

"మల్లన్న ఎవరండీ? చనిపోయింది రాజమౌళి. అయ్యా, ఈ సాక్షికి చనిపోయిన వ్యక్తి పేరు కూడా తెలియదు. ఇంతసేపూ 'ఆ పిలగాడు, ఆ పిలగాడు' అన్నది అందుకే. ఎవరో నేర్పి కూర్చోబెట్టిన మనిషి. అసలు ఆ రోజు ఆ గోదాంలో లేని మనిషి."

జడ్జిగారు పరదా వైపు తిరిగారు. "చనిపోయిన అతని పేరు మీకు తెలుసా?"

"తెలుసు సారూ."

"చెప్పండి."

శ్యామలమ్మ అలవాటుకొద్దీ పక్కకు చూసింది. దీప లేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. 'అది నా పెనిమిటి పేరు సారూ, మేం తియ్యం' అంటే అందరికీ ఇట్టే అర్థమవుతుంది. కానీ ఆ గోదాంలో పనిచేసిన ఆడవాళ్లలో రాజమౌళి పెళ్లాం ఎవరని వెతకడానికి ఉమాకాంత్‌కు ఒక్క పూట చాలు. చెప్పకుండా కూర్చుంటే పిల్లవాడి కేసు ఇక్కడే కూలిపోతుంది. బస్తాలు మీద పడి చచ్చాడని రాసేసి మూసేస్తారు. మహిత ఆమె ఎదురుగా నిలబడి రెండు చేతులూ బిగించుకుంది. ఏదైనా చెప్పడానికి ఆ పిల్లకూ వీల్లేదు.

"చూశారా అయ్యా," అన్నాడు రాంప్రసాద్. అతని గొంతులో నవ్వు ఉంది.

ఆ నవ్వు విన్నాక శ్యామలమ్మ కళ్లు మూసుకుంది. పదహారేళ్ల వయసులో అత్త చెప్పిన మాట, ఆ తర్వాత కామెర్లతో పచ్చబడ్డ ఆ మనిషి మొహం, అన్నీ వచ్చిపోయాయి. మంచం మీద పడ్డాక చివరి రోజుల్లో ఒకసారి ఆయనే అడిగాడు, ఒక్కసారి నా పేరు పెట్టి పిలువే, ఎట్లుంటదో వింట, అని. సిగ్గుపడి "సాల్తియ్యి" అంది. ఆయన అడిగితే తీయని పేరు.

"రాజమౌళి," అంది.

డబ్బాలోంచి బొంగురు మగగొంతు ఆ మాటను కోర్టంతా వినిపించింది. శ్యామలమ్మ సొంత గొంతులో ఆ పేరు మహిత ఒక్కతే విన్నది. అన్నది తనేనని నమ్మకం కుదరక కాబోలు, ఆమె మళ్లీ అంది. "రాజమౌళి. ఆ పిలగాని పేరు రాజమౌళి సారూ."

"మరి మల్లన్న ఎవరు?" రాంప్రసాద్ వదల్లేదు.

"దేవుడు సారూ. కొమురెల్లి మల్లన్న. ఆపదొస్తె మీరెవల్ని పిలుస్తరో గని, మేం మల్లన్ననే పిలుస్తం."

జడ్జిగారు రాసుకున్నారు. ఇందులో సగమే నిజమని మనకు తెలుసు. మల్లన్నకూ తెలుసు. ఆయన ఏమీ అనుకుని ఉండడు.

గండం గడిచిందని మహిత అంది. శ్యామలమ్మకు మాత్రం అసలు భయం అప్పుడు మొదలైంది. చిలుకమ్మ ఏడుపు ఆగిన తీరు ఆమెకు అర్థమైంది. లోకం మొత్తంలో తన కొడుకును ఆ పేరుతో పిలిచేది ఎవరో ఆ తల్లికి వేరే చెప్పాలా? ఇక ఆ నోట్లో నువ్వుగింజ ఎన్నాళ్లు నానుతుంది? అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. అక్కడ నిలబడి చూసి, ఒర్లకుండా, ఏడాదిపాటు ఏమీ తెలియనట్టు తను తలకు నూనె రాసిందని చిలుకమ్మకు తెలిసిపోయింది. చంపినా చంపుతుంది. చంపనీ, కానీ ముందు మొహం చూడనిస్తుందా?

చూడనివ్వలేదు. ఆ సాయంత్రం శ్యామలమ్మ నూనెగిన్నె పట్టుకుని పోతే తలుపు మూసి ఉంది. "తలనొస్తాంది, పో" అని లోపలి నుంచి మాట. మర్నాడూ అంతే. పెట్టిన అన్నం గిన్నె పెట్టినట్టే గడపలో ఉంది. నాలుగు రోజులు చిలుకమ్మ ఆమె కళ్లలోకి చూడలేదు. గోడ అవతల దగ్గితే వినిపించే ఇళ్లు అవి. శ్యామలమ్మ ఆ దగ్గు విని, బతికే ఉందిలే అనుకుని, ఏడ్చింది.

అయిదోనాడు పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఉన్నారు. చిలుకమ్మ ఒక కొసన, శ్యామలమ్మ ఒక కొసన. అప్పుడు బండి ఆపి సాంబయ్య దిగాడు. ఉమాకాంత్ దగ్గర గుమాస్తా. మొహం నిండా సానుభూతి పులుముకుని వచ్చాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఈ కాకి పొడవడానికే వచ్చింది.

"బాగున్నవా చిలుకక్కా? పిలగాడు యాదికొస్తనే ఉంటడు. మంచోడు. అవుగని, వాణ్ణి మల్లన్న అని సుత పిలుస్తుండెనా ఎవలన్న?"

"ఎవలు పిలువలే," అంది చిలుకమ్మ బిందె కడుగుతూ. "మా మామ పేరు పెట్టుకున్న. ఆ పేరు మీదనే పిలువాలె అందరు."

"అందరు అంటె..." సాంబయ్య మెల్లగా తల తిప్పాడు. "శ్యామలక్క ఎట్ల పిలుస్తుండె మరి? ఆమె పెనిమిటి పేరు సుత రాజమౌళేనంట గదా. రేషన్ లిస్టుల సూసిన. మీ ఆడోళ్లు పేరు తియ్యరాయె."

శ్యామలమ్మ చేతిలోంచి చెంబు జారింది. అయిపోయింది అనుకుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. సాంబయ్య ఇంకా ఎక్కువ చూస్తున్నాడు.

చిలుకమ్మ బిందె ఎత్తి నేల మీద ధన్‌మని పెట్టింది.

"ఈమెనా? ఈమె ముచ్చట నా ముంగట తియ్యకు సాంబయ్యా, నా ఒళ్లు మండుతాంది!" ఆమె గొంతు కాలనీ చివరి దాకా పోయింది. "ఎట్ల పిలుస్తది? ఓరి అని పిలుస్తది, గాడిదె అని పిలుస్తది. వాడు దీనికి బీపీ గోలీలు తెచ్చిండు, చీరె తెచ్చిండు. వాడు సచ్చిననాడు ఏడున్నది ఇది? ఘన్‌పూర్ల బిడ్డె ఇంట్ల కాళ్లు సాపుకొని పండుకున్నది! నేనే ఫోన్ జేసిన. రెండు గంటలకు. వాని పీనుగ ఇంక గోదాంలనే ఉన్నది. దీప ఎత్తింది ఫోన్, మా అవ్వ పండుకున్నది చిన్నమ్మా అన్నది. లేపుమన్న. లేపి ఇచ్చింది. అక్కా నా కొడుకు పోయిండే, రావే అంటె, ఇది ఏమన్నదో తెలుసా? గీయాల బండి లేదు, రేపొస్త అన్నది!"

శ్యామలమ్మ నోరు తెరుచుకుని చూసింది.

ఆ ఫోన్ రాలేదు. ఆ రోజు రెండు గంటలకు చిలుకమ్మ ఎవరికీ ఫోన్ చేయలేదు. కబురు వినగానే పడిపోతే ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ఏ ఫోనూ మోగలేదు, దీప ఎత్తలేదు, ఎవరూ ఎవరినీ లేపలేదు. నువ్వుగింజ నానని ఆ నోరు, నలుగురి మధ్య నిలబడి, పేరుతో సహా, గంటతో సహా ఇంత పెద్ద అబద్ధాన్ని కట్టి ఆమె చుట్టూ గోడలా నిలబెడుతోంది.

"చెప్పవేందే?" చిలుకమ్మ మీదికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నాలుగు రోజులుగా నిద్ర లేని కళ్లు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అవి ఆమెను సూటిగా చూశాయి. "పండుకున్నవా లేదా? చెప్పు గీయన ముంగట!"

జవాబు చెప్పాలని శ్యామలమ్మకు అర్థమైంది. జగడం ఒక్క చేత్తో జరగదు. ఏ మాట అయితే ఈ మనిషి నమ్ముతాడో ఆమెకు తెలుసు. కానీ ఆ మాట నోట్లోకి రావడానికి కోర్టులో పేరు వచ్చినదానికన్నా ఎక్కువ కష్టమైంది.

"పండుకున్ననే!" అంది. "పండుకుంటె ఏందే? నీ కొడుకేమన్న నాకు పుట్టిండా, ఉరికొచ్చుటానికి?"

బిందెల దగ్గర మొగిలమ్మ "అయ్యో, ఏం మాటలే అవి" అని చెంపలు వేసుకుంది. సాంబయ్య మొహంలో ఉన్న ఆశ అంతా దిగిపోయింది. ఇంత పగ ఉన్నచోట సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పైగా ఊళ్లోనే లేని మనిషి. అతను తల గోక్కుంటూ బండి వైపు నడిచాడు.

బండి ఇంకా కదలలేదు. చిలుకమ్మ అది చూసి, ఒక్క అంగలో వచ్చి శ్యామలమ్మ కొప్పు పట్టుకుంది. ఇద్దరూ తడి నేల మీద కూలబడ్డారు. బిందెలు దొర్లాయి. ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఆ గోలలో చిలుకమ్మ నోరు శ్యామలమ్మ చెవికి ఆనింది. వెచ్చగా ఊపిరి తగిలింది.

"పెనిమిటి పేరు తీసినవ్ గదనే అక్కా. నా కొడుకు కోసం తీసినవ్."

"ఒర్లలేదే చిలుకా," అంది శ్యామలమ్మ ఆ మెడలోకి. "నాకు నోరు రాలేదే."

"ఒర్లితె నిన్ను సుత సంపుదురు. అప్పుడు నాకెవలుందురే?"

"ఇడిపియ్యుండ్రే ఎవలన్న, సంపుకుంటాండ్లు!" అని మొగిలమ్మ అరుస్తోంది. బండి చప్పుడు రోడ్డెక్కి దూరమైంది. నలుగురు ఆడవాళ్లు చెరో వైపు పట్టి లాగారు. చిలుకమ్మ కొప్పు వదిలేసింది. శ్యామలమ్మ మాత్రం ఆమె రవికె వెనక రెండు పిడికిళ్లతో బిగించి పట్టుకుని, ఎంత లాగినా వదల్లేదు.